పది చింతగింజలు

అరవడం నా ఉద్యోగంలో సగం, రాయడం మిగతా సగం. తొంభైల్లో నర్సీపట్నంలో పొద్దున్న ఏడింటి బస్సెక్కి, కొండల మొదట్లో ఉన్న సబ్ సెంటర్‌కి వెళ్ళేదాన్ని. గవర్నమెంటు కాగితాల్లో నేను ఏఎన్ఎమ్‌ని, జనానికి నర్సమ్మగారిని. సంతరోజున కొండ ఊళ్ళ ఆడవాళ్ళు చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని దిగేవారు. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళని దారికాసి పట్టుకునేదాన్ని. బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూడడం, చీలమండ దగ్గర వేలితో నొక్కి నీరు పట్టిందేమో చూడడం, కంటి కింద రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూడడం, పొట్ట మీద గొట్టం ఆన్చి బిడ్డ గుండె వినడం. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకునేది కాదు.

"రెండో టీటీ సూది ఏది? సూదంటే ఉన్న భయం చావంటే లేదా నీకు?" అనేదాన్ని. పూటకి నాలుగు ముద్దలు ఎక్కువ తినమంటే, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందనేవారు. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడనేవారు. ఇచ్చిన మాత్రలు దారిలో పొదల్లో పారేసేవారని నాకు అనుమానం. అందుకని నెల నెలా "తింటున్నావా?" అని గట్టిగా అడిగి, "తింతన్నానండి" అన్నాక రిజిస్టర్లో "తింటోంది" అని రాసుకునేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఒక్క పని మాత్రం నేను అరవకుండా చెప్పేదాన్ని. ఏడో నెల దాటిన ప్రతి మనిషికీ పది చింతగింజలు చేతిలో పెట్టేదాన్ని. మా ఇంట్లో పులుసుకి పిసికినవే, కడిగి ఎండబెట్టి చిన్న సంచిలో తెచ్చేదాన్ని. వాళ్ళ ఇళ్ళల్లో గడియారాలు ఉండవు. "కడుపునిండా తిను. ఎడం పక్కకి తిరిగి పడుకో. గింజలు ఎడం చేతిలో పెట్టుకో. బిడ్డ కదిలినప్పుడల్లా ఒక గింజ కుడిచేతికి మార్చు. పొయ్యి మీద రెండు కుండలు ఒకదాని తర్వాత ఒకటి ఉడికేలోగా పదీ మారిపోవాలి. మారకపోతే ఆ రోజే దిగిరా. రేపు కాదు" అని చెప్పేదాన్ని.

రేపు కాదు అన్న మాట నాకు ట్రైనింగులో నేర్పింది కాదు. నేను చెప్పబోయే సంగతికి రెండేళ్ళ ముందు, నా మొదటి కడుపులో ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం తగ్గింది. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు ఆస్పత్రిలో గొట్టం పెట్టి ఎంత వెతికినా ఏమీ వినపడలేదు. మగపిల్లాడు. మా చర్చి సంఘం సమాధుల తోటలో గోడవారన ఉన్నాడు. ఊళ్ళో అందరికీ జాగ్రత్తలు చెప్పే నర్సు కడుపులోనే బిడ్డ పోయాడని నా ముందు ఎవరూ అనలేదు గానీ, నా వెనక అననివాళ్ళు కూడా లేరు.

మళ్ళీ కడుపు వచ్చింది. మా అత్తమ్మ ఆ ఏడాది డిసెంబరు ముప్పై ఒకటో తారీకు ఆరాధనలో నిలబడి, అందరి ముందూ మొక్కుకుంది. ఈ బిడ్డ ప్రాణంతో భూమ్మీద పడాలని, ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఉపవాసం ఉంటానని. మా అత్తమ్మ మాటిస్తే మాటే. పాలవాడికి ఇచ్చిన మాట కూడా తప్పని మనిషి, దేవుడికిచ్చింది తప్పుతుందా?

కానీ ఫిబ్రవరిలో ఆవిడ కాలిమీద చిన్న పుండు మానలేదు. నేనే బలవంతాన తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. షుగరు బాగా ఎక్కువ. "ఉపవాసం పేరెత్తితే ఊరుకోను. పడిపోతారు" అని అచ్చం సబ్ సెంటర్లో అరిచినట్టే అరిచాను. ఆవిడ పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుని ఏడ్చింది. అంతవరకూ ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

"మాటిచ్చేసినాను గదే. ఇచ్చి తప్పితే బిడ్డకేటైనా అయిపోతే ఏటి సేస్తాను?"

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నా చదువు, నా పదేళ్ళ సర్వీసు, రిజిస్టర్లు, అన్నీ ఎటో పోయాయి. గోడవారనున్న వాడొక్కడే కళ్ళ ముందు ఉన్నాడు. "మీ ఉపవాసం నేను పట్టుకుంటాను అత్తమ్మా. నలభై రోజులూ కాదు, శుక్రవారాలు మాత్రం. పొద్దుగూకే వరకూ నీళ్ళు తాగుతూ ఉంటాను. ఏమీ కాదు" అన్నాను. ఆవిడ వద్దనలేదు. నా మొహం వైపు చాలాసేపు చూసి, ముక్కు చీది లేచి వెళ్ళిపోయింది. అలా ఆవిడ ఒంటిని నేను చూసుకున్నాను. నా ఒంటిని చూసేవాళ్ళు లేరు, ఎందుకంటే ఇంట్లో నర్సుని నేనే.

ఆరు శుక్రవారాలు గడిచాయి. మొదట్లో బాగానే ఉంది. ఖాళీ కడుపున వికారమని శుక్రవారం ఐరన్ మాత్ర మానేశాను. తర్వాత శనివారం కూడా మర్చిపోయాను. ఎండ ముదిరింది. కాళ్ళు ఉబ్బాయి. బస్సులో నిలబడి వెళ్తే ఎవరికి ఉబ్బవు అనుకున్నాను. పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సబ్బు రాసి లాగినా రాలేదు. బీపీ మిషను రోజంతా నా పక్కనే ఉండేది. రోజుకి పదిమంది చేతులకి కట్టేదాన్ని. నా చేతికి కట్టుకుని మూడు వారాలైంది. భయపడ్డాను, అదీ సంగతి. కట్టుకుంటే అంకె కనిపిస్తుంది. కనిపిస్తే ఉపవాసం మానాలి. మానితే మాట తప్పినట్టు.

గుడ్ ఫ్రైడేకి, మా మాటలో మంచి శుక్రవారానికి, ముందు శుక్రవారం సంతరోజు. ఆ రోజు పైనుంచి ఒక అమ్మాయి దిగింది. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఏడో నెల. రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. ఐరన్ మాత్ర పుల్లటిదానితో మింగితే ఒంటికి పడుతుంది, టీతో మింగితే పడదు. చెట్ల నిండా మామిడికాయలు ఉన్నాయి కదా, ఒక ముక్క కొరికి మాత్ర మింగమన్నాను.

"మామిడి కొత్త పండగ అవ్వనేదండి. పండగవ్వకుండా కాయ నోట్లో ఎట్టకూడదు. ఎడితే పులి పడతాది" అంది.

"పులికి వేరే పనేం లేదు, నువ్వు మామిడికాయ తిన్నావా లేదా అని చూసుకుంటూ కూర్చుంటుంది" అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. లేచి కూర్చుని నా చేయి పట్టుకుంది.

"ఉంగరం ఏలు కోసేస్తంది నర్సమ్మగారూ. మొకం కూడా ఉబ్బింది. మొకం ఉబ్బితే ఆగకుండా రమ్మని మాకు మీరే గదా సెప్పినారు. మీరేటి తిన్నారివాల?"

అప్పటికి మధ్యాహ్నం రెండైంది. ముందురోజు రాత్రి తిన్న అన్నమే. నా మొహానికి దగ్గరగా ఉంది తన మొహం.

"తిన్నాను. నా సంగతి నీకెందుకు, నీ సంగతి చూసుకో. మాత్రలు తింటున్నావా?"

నా చేయి వదిలేసింది. "తింతన్నానండి" అంది. రిజిస్టర్లో రాసుకున్నాను.

మంచి శుక్రవారం నాడు పొద్దున్నే తలనొప్పితో లేచాను. ముందురోజు నుంచీ ఉంది, కళ్ళ వెనకాల. మా సంఘంలో ఆ రోజు మూడింటి వరకూ మంచినీళ్ళు కూడా ముట్టరు. పన్నెండింటికి మొదలై మూడింటికి అయ్యే ఏడు మాటల ఆరాధన. సిలువ మీద ఏసు పలికిన ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. అయిదో మాట ఏళ్ళ తరబడి మా మావయ్యగారిది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. ఆ మాట దాహం గురించి. ఆయన చెప్తుంటే ముసలివాళ్ళు పైటలతో కళ్ళొత్తుకునేవారు.

తెల్లచీర కట్టుకుంటుండగా గుర్తొచ్చింది. లేచిన దగ్గర్నుంచీ బిడ్డ కదిలిన గుర్తు లేదు. పొట్టని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. నిద్రపోతోందేమో. ఇదే మాట రెండేళ్ళ కింద కూడా అనుకున్నాను. డబ్బాలోంచి పది చింతగింజలు తీసి రుమాల్లో కట్టుకుని గుడికి బయల్దేరాను. మూడింటి వరకే కదా. మూడవగానే మజ్జిగ తాగి, ఆస్పత్రికి వెళ్దాం అనుకున్నాను. చూశారా, మళ్ళీ రేపే. కాకపోతే ఈసారి రేపు మూడు గంటల దూరంలో ఉంది.

ఆడవాళ్ళం ఎడం పక్క జంపఖానాల మీద కూర్చున్నాం. నేను గోడకి ఆనుకుని ఎడం పక్కకి ఒరిగాను. అత్తమ్మ నా పక్కనే. మావారు ముందు హార్మోనియం దగ్గర. కిటికీలోంచి వరండాలో మజ్జిగ కుండలు కనపడుతున్నాయి. వాటి మీద తడిగుడ్డలు. గుడ్డల అంచుల నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. నేను ఆ బొట్లు చూడకూడదని మొహం తిప్పుకున్నాను. పైట కింద ఎడం గుప్పిట్లో పది గింజలు.

మొదటి మాట మధ్యలో కదిలింది. ఒకటి మార్చాను. ప్రాణం లేచొచ్చింది. రెండో మాట మొత్తం ఏమీ లేదు. మూడో మాట చివర్లో కుడిపక్క ఏదో జరిగినట్టయింది. రెండు. ఆ తర్వాత ఏమీ లేదు. పొట్ట బిగుసుకుంది గానీ అది బిడ్డ కదలిక కాదు, తేడా నాకు తెలుసు. నాలుగో మాట ప్రసంగం పాస్టరుగారిది, చాలా పొడుగు. లోపల చిన్నగా గుడగుడమంది. అది బిడ్డా, ఆకలా? ఆకలే అయ్యుంటుంది. అయినా మూడో గింజ మార్చేశాను. కొండమీద అమ్మాయి ఎవరైనా ఇలా చేసి వస్తే నేను ఏమని ఉండేదాన్నో తెలుసు. దొంగలెక్క చేసి ఎవర్ని మోసం చేస్తున్నావే అని ఉండేదాన్ని.

లేవాలి. లేచి బయటికి నడవాలి. గుమ్మం పది అడుగులు. రెండొందలమంది తలలు తిరుగుతాయి. సంఘపెద్ద కోడలు మంచి శుక్రవారం రెండింటికి లేచి వెళ్ళిపోయిందంటారు. అదొక్కటే అయితే వెళ్ళిపోయేదాన్నేమో. మాట తప్పితే బిడ్డకేటైనా అయిపోతే? అత్తమ్మ రుబ్బురోలు దగ్గర అన్న మాట నా బుర్రలో గూడు కట్టుకుని కూర్చుంది. లేస్తే నేను చంపినట్టు, కూర్చుంటే నేను చంపినట్టు. అప్పుడు నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఆయన మీద కోపం తెచ్చుకున్నందుకు మళ్ళీ భయం వేసింది. కళ్ళ ముందు చిన్నచిన్న మెరుపులు. వాటి గురించి కూడా నేను బల్ల దగ్గర రోజూ చెప్తాను. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, మొహం వాపు. ఈ మూడూ ఉంటే నడిచి కూడా రావద్దు, మోయించుకుని రా అని.

మావయ్యగారు లేచారు. అయిదో మాట మొదలైంది. నాలుక అంగిట్లో అంటుకుపోవడం ఎలా ఉంటుందో ఆయన చెప్తున్నారు. పెదవులు ఎలా పగులుతాయో చెప్తున్నారు. నా పెదవుల మీద నాలుక తడుపుకుందామంటే తడి లేదు. ఎడం గుప్పిట్లో ఏడు గింజలు చెమటకి జారుతున్నాయి. పొట్టలో ఏమీ లేదు. రాయి పెట్టినట్టుంది. నేను కళ్ళు మూసుకుని, ఏమీ కదలకుండానే, నాలుగో గింజ కుడిచేతికి మార్చబోయాను.

ఒక చేయి నా చేతి మీద పడింది.

"అది కదల్నేదు" అంది అత్తమ్మ, నాకు మాత్రమే వినపడేలా. "పన్నెండు కాడినుంచి సూస్తన్నాను నీ కడుపే. రెండుసార్లే కదిలింది. మూడోది దొంగది. ఇదీ దొంగదే. ఎందుకు మారుస్తన్నావే?"

నాకు ఏడుపు వచ్చింది.

అత్తమ్మ లేచి నిలబడింది. పుండు పడిన కాలితో నిలబడడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మావయ్యగారు వాక్యం మధ్యలో ఆగారు. తలలన్నీ తిరిగాయి. ఆవిడ ఎవరినీ చూడకుండా వరండాలోకి నడిచి, తడిగుడ్డ తీసి, గ్లాసు ముంచి తెస్తోంది. ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ అంది, "ఇంకా మూడవనేదమ్మా."

"మూడవుతాది. అప్పటికి మా పిల్ల ఉంటాదో నేదో" అంది అత్తమ్మ. తర్వాత పైకి, మావయ్యగారి వైపు తిరిగి అంది. "మొక్కుకున్నది నాను. దాన్ని పట్టుకోమంది కూడా నానే, నోటితో అనకుండా. దేవుడితో నాను మాటాడుకుంటాను. మీరు దాహం సంగతి తరవాత సెప్పుదురు గాని, ముందు ఆటో పిలిపించండి బేగి."

నా పెదవుల దగ్గర గ్లాసు పెట్టింది. మజ్జిగ సగం నోట్లోకి, సగం తెల్లచీర మీదకి. మావారు హార్మోనియం మూత కూడా వెయ్యకుండా పరిగెత్తారు.

ఆటోలో అత్తమ్మ ఒళ్ళో ఎడం పక్కకి పడుకున్నాను. ఆవిడ చేయి నా పొట్ట మీద ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా "ఇది బండి. ఇది బిడ్డ కాదు" అని తనలో తాను అనుకుంటోంది. ఆ రోజు ఆవిడ దొంగలెక్క ఒక్కటి కూడా వెయ్యలేదు.

ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు నాతోపాటు ట్రైనింగ్ అయిన మనిషే. గొట్టం తెచ్చి పొట్ట మీద పెట్టింది. ఒకచోట విన్నది. తీసి ఇంకోచోట పెట్టింది. ఇంకోచోట. ఆమె మొహం నేను చూస్తున్నాను. ఏమీ తెలియనీయకుండా, కొంచెం నవ్వుతున్నట్టు పెట్టే ఆ మొహం నాకు కొత్త కాదు. నేను ఎందరి ముందు పెట్టానో. గుండె వినపడనప్పుడు మేమందరం పెట్టే మొహం అది.

"చెప్పు" అన్నాను. "నా దగ్గర ఆ మొహం పెట్టకు. చెప్పు."

"మాట్లాడకు. విననీ" అంది. నాలుగోచోట పెట్టింది. కుడిపక్క, బొడ్డు కింద. వాచీ చూసుకుంటూ నిలబడిపోయింది. "ఉంది" అంది చివరికి. "నెమ్మదిగా ఉంది. కానీ ఉంది."

అత్తమ్మ నేలమీద కూలబడింది.

లేడీ డాక్టరు బీపీ చూసి మిషను విప్పకుండా మళ్ళీ గాలి కొట్టి చూసింది. నూట డెబ్బై మీద నూట పది. "నువ్వు నర్సువి కదమ్మా! నీ చేత్తో నీ బీపీ చూసుకోకూడదని రూలేమైనా ఉందా?" అంది. ఫిట్స్ రాకుండా సూది, చేతికి సెలైను. ఆపరేషన్ చేసి బిడ్డని ఇప్పుడే తియ్యాలి, ఆగితే ఇద్దరికీ ప్రమాదం అంది. ఉంగరం రాకపోతే కత్తిరించేశారు. రక్తం అవసరం పడొచ్చు, ఇచ్చేవాళ్ళని పిలవమన్నారు.

తర్వాత సంగతి నాకు మావారు చెప్పారు. ఆరాధన సగంలో వదిలేసి గుళ్ళో కుర్రవాళ్ళు పన్నెండుమంది ఆస్పత్రికి వచ్చేశారట. డాక్టరమ్మ వాళ్ళని చూసి, "పొద్దున్న ఏం తిన్నారు?" అని అడిగిందట. ఎవరూ ఏమీ తినలేదు. ఖాళీ కడుపున రక్తం తీస్తే పడిపోతారు, తిని రండి అందట. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారట. సంఘపెద్ద అక్కడే ఉన్నారు మరి. అప్పుడు మా మావయ్యగారు, నలభై ఏళ్ళుగా మంచి శుక్రవారం పొద్దుగూకే వరకూ ఎంగిలిపడని మనిషి, బస్టాండు ఎదురుగా ఉన్న బేకరీకి వెళ్ళి సంచీడు బన్నులు కొనుక్కొచ్చారట. ఒక్కొక్కరి చేతిలో పెట్టి, ముందు తానొకటి కొరికారట. ఆ మనిషి బన్ను నములుతూ ఏడ్చారని మావారు చెప్తే నేను నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

బిడ్డని తీసినప్పుడు నాకు తెలివి ఉంది, నడుం కింద మాత్రమే మత్తు. అడ్డంగా గుడ్డ కట్టారు. ఏడుపు కోసం విన్నాను. లేదు. ఎవరో పాదాల మీద తడుతున్నారు. ఇంకా లేదు. ఇన్నేళ్ళలో ఎన్నో కాన్పులు చేశాను. బిడ్డ ఏడవని ఆ నిమిషం ఎంత పొడుగో నాకు అంతకుముందు తెలియదు. అప్పుడు పిల్లి కూతంత ఏడుపు వినపడింది. ఆడపిల్ల. రెండు కిలోలకి కాస్త తక్కువ. తుడిచి, గుడ్డ చుట్టకుండా నా గుండెల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పారు. అంత చిన్న బిడ్డకి తల్లి ఒంటి వేడి కంటే మంచి మందు లేదని నేనే ఎందరికో చెప్పాను. దాని వీపు నా అరచేతికి సరిపోయింది. ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆ తర్వాత ఏడాది నుంచీ మంచి శుక్రవారం నాడు అత్తమ్మ గుడికి ఒక బిందె మంచినీళ్ళు తెచ్చుకునేది. కడుపుతో ఉన్నవాళ్ళని, పాలిచ్చేవాళ్ళని గుమ్మం పక్క వరసలో కూర్చోబెట్టి, గంటకోసారి గ్లాసులు అందించేది. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అయిదో మాట మధ్యలో గ్లాసుల చప్పుడైతే మావయ్యగారు ఆగేవారు. వాళ్ళు తాగడం అయ్యాక మళ్ళీ మొదలుపెట్టేవారు. రెండువేల ఆరులో ఆయన పోయేవరకూ అలాగే జరిగింది.

కానీ నేను చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

సెలవు అయ్యాక మళ్ళీ డ్యూటీలో చేరాను. బిడ్డని చంకలో వేసుకునే వెళ్ళాను, పాలివ్వాలి కదా. సంతరోజున ఆ కొండ ఊరి అమ్మాయి వచ్చింది. వీపుకి గుడ్డతో కట్టుకున్న బాబు. నడక తూలుతోంది. కాన్పులో రక్తం ఆగలేదట, డోలీలో మోసుకుని దింపారట. ఇద్దరూ బతికి బయటపడ్డారు. రెప్ప లాగి చూశాను. అదే తెలుపు. గోళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. రిజిస్టరు తెరిచాను. తన పేరు పక్కన నా చేతిరాతతో నెల నెలా ఉంది, తింటోంది, తింటోంది, తింటోంది.

"మాత్రలు నిజంగా తిన్నావా?" అన్నాను. ఈసారి అరవలేదు.

"నేదండి" అంది. నా వేలి వైపు చూసింది. ఉంగరం ఉండే చోట తెల్లటి మచ్చ మిగిలింది. "మీరు ఆయాల తిన్నానన్నారు. నాకు తెలుసు తిన్నేదని. మీ నోరు వోసనొచ్చింది. కాలీ కడుపు వోసన మాకు తెల్దేటండి? నర్సమ్మగారే తినకుండా తిన్నానంటంది, మరి ఈ మాత్రల్లో ఏటుందో, మాకెందుకు సెప్తందో అనుకున్నాను."

చుట్టూ జనం ఉన్నారు. సంత గోల వినపడుతోంది. నా కూతురు బల్ల మీద, తన కొడుకు దాని పక్కన, ఇద్దరూ కాళ్ళాడిస్తున్నారు.

"తినలేదు" అన్నాను. "ఆ రోజు నేను తినలేదు. నీతో అబద్ధం చెప్పాను." మొక్కు సంగతి, గింజల సంగతి, మూడోది దొంగలెక్కన్న సంగతి, అందరూ వింటుండగా చెప్పాను. కాన్పయ్యాక కూడా మూడు నెలలు ఐరన్ మాత్ర వేసుకోవాలి, పాలిచ్చే తల్లికి రక్తం కావాలి అని చెప్పాను. అది చెప్తుంటే నాకే గుర్తొచ్చింది, నేను వారం రోజులుగా మానేశానని.

నిమ్మకాయ కోసి రెండు గ్లాసుల నీళ్ళలో పిండాను. రెండు మాత్రలు తీశాను. ఒకటి తన చేతిలో పెట్టాను. తను వేసుకోలేదు. చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది.

నేను నా మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. నా గొంతు దిగేవరకూ చూసింది. నోరు తెరవమంది, తెరిచాను. నాలుక ఎత్తమంది, ఎత్తాను. అప్పుడు తన మాత్ర నోట్లో వేసుకుంది.